మూడు అడుగులు తక్కువ

"ఆంటీ, ఒక్కటే క్వశ్చన్. మా డాడీని నేనే చంపానా?"

దేదీప్య ఇంకా చేతుల గ్లవ్స్ కూడా తీయలేదు. నలభై దాటినప్పటి నుంచీ ఈ "ఆంటీ" అన్న మాట వింటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. కానీ సోఫా అంచున ముడుచుకుని కూర్చున్న పంతొమ్మిదేళ్ళ తన్వి మొహం చూశాక ఆ మంట దానంతట అదే చల్లారింది. ఈ పిల్ల పన్నెండు రోజులుగా సరిగ్గా నిద్రపోలేదని చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

పన్నెండు రోజుల కిందట, ఆదివారం మధ్యాహ్నం, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఈ ఇంట్లోనే, ఈ గదిలోనే, తన్వి తండ్రి జగన్మోహన్ భోంచేసి రిక్లైనర్ కుర్చీలో కునుకు తీశాడు. మళ్ళీ లేవలేదు. కార్బన్ మోనాక్సైడ్. చలికాచుకునే కట్టెల పొయ్యిలోంచి పైకి పోవలసిన విషం గదిలోకి తిరిగొచ్చింది. ఎందుకు తిరిగొచ్చిందో చెప్పే కాగితాలు ఇవాళ సాయంత్రం అయిదింటికల్లా కౌంటీ ప్రాసిక్యూటర్‌కి చేరాలి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు కాగితం ముందే చేరిపోయింది. అందులో కూతురి నిర్లక్ష్యం అని రాసి ఉంది. కింద సంతకం ఆ కంపెనీ ఇన్వెస్టిగేటర్ నీరజ్‌ది. ఇంకో జవాబేదైనా ఉందేమో చూడమని ప్రైవేట్ ఫైర్ ఇన్వెస్టిగేటర్ దేదీప్యని తన్వే పిలిపించుకుంది.

"అవునో కాదో తర్వాత చెబుతాను. ముందు టైములు చెప్పు," అంది దేదీప్య.

తన్వి బట్టీ పట్టిన పాఠంలా చెప్పింది. పన్నెండున్నరకి తనూ డాడీ భోంచేశారు. ఒకటీ పదికి పొయ్యిలో మూడు కట్టెలు వేసింది. ఒకటిన్నరకి, మంట నెమ్మదిగా కాలాలని గాలి లీవర్ మొత్తం మూసేసింది. ఒకటీ నలభైకి లైబ్రరీకి వెళ్ళిపోయింది. అప్పటికే ఆయన నిద్రలో ఉన్నాడు.

"బై కూడా చెప్పలేదు," అంది చివర్న. ఆ ఒక్క మాట మాత్రం బట్టీ పట్టింది కాదు.

"హాల్లో అలారం? పొగకీ, ఈ విషవాయువుకీ రెండిటికీ మోగేదేగా అది?"

"అది కూడా నేనే. ఫ్రైడే ఈవెనింగ్ ఇంట్లో హోమం. అలారం మోగుతుందని దానికి షవర్ క్యాప్ పెట్టాను. హోటల్‌ది. తీశానా లేదా గుర్తులేదు. తీసుంటే సండే మోగేది కదా. సో, తియ్యలేదు."

అమెరికాలో ఏ తెలుగింట్లోనైనా అడగండి, హోమానికి కుండం పెట్టకముందే ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి అలారానికి ముసుగు వేస్తారు. లేకపోతే పంతులుగారి మంత్రం మధ్యలో అది గుక్కపట్టి ఏడుస్తుంది, పక్కింటివాళ్ళు ఫైరింజన్‌ని పిలుస్తారు. దేదీప్య తన ఇంట్లో తను కూడా వేసింది. అందుకే ఆ పిల్లని ఏమీ అనలేకపోయింది.

పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని లీవర్ అటూ ఇటూ జరిపి చూసింది. ఇటుకలతో కట్టిన పాత ఫైర్‌ప్లేస్ గూట్లోకి దూర్చిన ఇనుప పొయ్యి అది. ఇన్సర్ట్ అంటారు. దాని నెత్తి మీంచి పాత చిమ్నీ గుండా ఇంటి కప్పు దాకా ఒక వంగే స్టీలు గొట్టం పోతుంది. దాని పేరు లైనర్. పొగకి అదొక్కటే దారి. లీవర్ మొత్తం మూసినా పక్కన సన్నటి సందు ఉండిపోయింది. తయారు చేసినవాళ్ళే దాన్ని వదిలారు. అంటే లైనర్ సరిగ్గా ఉంటే, లీవర్ మూసినంత మాత్రాన మనిషి చావడు. ఈ సంగతి నీరజ్‌కి తెలియకపోవడానికి వీల్లేదు. ఆరేళ్ళ కిందట వాడికి ఈ పని నేర్పింది తనే.

వంటింట్లోకి వెళితే తన్వి తల్లి శశికళ పలకరించింది, కాఫీ ఇస్తానంది. మర్యాదకి లోటేమీ లేదు. కూతురున్న గది వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. తల్లీకూతుళ్ళ మధ్య పన్నెండు రోజులుగా మాటల్లేవని తన్వి ముందే ఫోన్లో చెప్పింది.

పాల కోసం శశికళ ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల గిన్నెలన్నిటికీ నీలం అంచుల ప్లాస్టిక్ టోపీలు తొడిగి ఉన్నాయి. దేదీప్య ఆదివారం సంగతి అడిగింది. పొద్దున తొమ్మిదిన్నరకి వంట మొదలుపెట్టానని, ఎండుమిరపకాయలు వేయించి గోంగూర పచ్చడి చేశానని, అది ఆయనకి ప్రాణమని, పదకొండూ ముప్పావుకి గుడిలో పిల్లలకి తెలుగు క్లాసు చెప్పడానికి బయల్దేరానని, నాలుగూ ఇరవై అయిదుకి తిరిగొచ్చి చూశానని శశికళ చెప్పింది. ఏం చూసిందో చెప్పలేదు.

"లైనర్ ఎవరు కొన్నారండీ?"

"ఆయనే. మూడు వారాలు ఇంట్లో అదే గోలండీ. ఏ గ్రేడు స్టీలు, ఎంత మందం, లోపల నున్నగా ఉండాలా ముడతలుండాలా అని. అన్నం తినేటప్పుడు కూడా అదే. చివరికి నలుగురు ఫ్రెండ్స్ కలిసి వంద అడుగుల రోల్ ఒకటి తెప్పించుకున్నారు. విడిగా కొంటే ఎక్కువవుతుందని."

ఆ నలుగురూ ఎవరో ఆమెకి తెలీదు. గ్రూప్ సంగతులన్నీ ఆయన ఫోన్లోనే ఉన్నాయట. ఫోన్ పోలీసుల దగ్గరుంది. నోట్‌బుక్ మాత్రం ఉందంటూ డ్రాయర్లోంచి తీసి ఇచ్చింది.

జగన్మోహన్ కార్ల కంపెనీలో ట్రాన్స్‌మిషన్ ఇంజనీరు. చేతిరాత కూడా బ్లూప్రింట్ లాగే ఉంది. కట్టెల పొయ్యికి 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలే కావాలని, అల్యూమినియం గ్యాస్‌కి తప్ప పనికిరాదని, గొట్టం వ్యాసం పొయ్యి మూతికి సరిపోయేలా ఆరంగుళాలు ఉండాలని, ఒకే ముక్క కావాలని, మధ్యలో అతుకు ఉండకూడదని, చుట్టూ వేడిని ఆపే ఉన్ని పరుపు చుట్టాలని, ప్రతి మాట కిందా గీత గీసి మరీ రాసుకున్నాడు. చిమ్నీ కొలత ఇరవై అయిదు అడుగులు. చివరి పేజీలో ఒకటే వాక్యం: "ఎక్స్‌పర్ట్ కోసి, ఉన్ని చుట్టి, రెడీగా ఇచ్చాడు. కొలిచాను, 25. ఓకే."

దేదీప్య ఆ పేజీ రెండుసార్లు చదివింది. ఇంత చాదస్తం మనిషి వస్తువు ఎంచుకోవడంలో ఎక్కడా తప్పు చెయ్యలేదు. తప్పంటూ ఉంటే, చుట్టి ఇచ్చినవాణ్ణి నమ్మి, చుట్ట విప్పి చూడకపోవడం ఒక్కటే.

పదకొండూ ఇరవైకి పెరట్లో చప్పుడైంది. లివోనియా నుంచి వచ్చిన చిమ్నీ పనివాడు పొద్దుట్నుంచీ కప్పు మీదే ఉన్నాడు. ఆ మంచులో ఎక్కనని మొరాయించినవాణ్ణి దేదీప్య బతిమాలి ఎక్కించింది. వాడు లాగిన లైనర్ ఇప్పుడు మంచు మీద పొడుగ్గా పడి ఉంది. పై చివర తళతళలాడే స్టీలు. కింద చివర మసిపట్టిన స్టీలు. మధ్యలో ఉన్ని పరుపు ఒకచోట నల్లగా కాలి లోపలికి కుంగిపోయింది.

దేదీప్య కత్తి తీసి అక్కడ పరుపు కోస్తుండగా పక్కదారిలోంచి బూట్ల చప్పుడు వినిపించింది.

"అక్కా, ఎవిడెన్స్ టచ్ చేస్తున్నావ్. ఇది క్లోజ్ అయిన కేస్."

నీరజ్. ఖరీదైన కోటు, చేతిలో కాఫీ కప్పు. ఇక్కడే పుట్టి పెరిగాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు, "మీరు" అన్న మాటకి మాత్రం నోరు తిరగదు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కంపెనీలో పనిచేశారు. ఒక రిపోర్టులో అబద్ధం మీద సంతకం పెట్టనని దేదీప్య బయటికొచ్చేస్తే, అదే కాగితం మీద నీరజ్ సంతకం పెట్టి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మర్చిపోలేదు.

"ఇంటావిడ అనుమతి ఉంది. పొద్దున ఎనిమిదింటికి నీకు ఈమెయిల్ పెట్టాను. ఈ చలిలో కప్పు మీదికి ఎవడెక్కుతాడులే అనుకుని రాలేదు నువ్వు," అంది దేదీప్య తలెత్తకుండానే.

"నేను కెమెరా పెట్టి చూశాను. లైనర్ ఈజ్ ఫైన్. రిపోర్ట్‌లో ఉంది."

"పేజీ ఆరు. చదివాను. పై నుంచి కింద దాకా ఏ లోపమూ లేదని రాశావు. అయితే ఇది చూడు."

పరుపు విప్పేసరికి లోపల అసలు రంగు బయటపడింది. అది ఒకే గొట్టం కాదు. పైన స్టీలు, కింద స్టీలు, మధ్యలో మరో ముక్కని పట్టీలు బిగించి అతికారు. ఆ మధ్య ముక్కలో అరచెయ్యి పట్టేంత కన్నం. అంచులు కరిగి కిందికి కారి గడ్డకట్టాయి. పొగంతా ఆ కన్నంలోంచి చల్లటి పాత చిమ్నీలోకి పోయి, పైకి పోలేక, పొయ్యి పక్క సందుల్లోంచి గదిలోకి దిగింది.

టేపు పట్టుకుని కొలిచింది. పై స్టీలు పద్నాలుగడుగులు. కింద స్టీలు ఎనిమిది. మధ్య ముక్క మూడు.

వెనక తలుపు తీసుకుని శశికళ బయటికొచ్చింది. శాలువా కూడా కప్పుకోలేదు. వంగి ఆ మధ్య ముక్క మీద వేలి గణుపుతో తట్టింది, తర్వాత పక్కనున్న స్టీలు మీద. ఇంకోసారి రెండూ తట్టింది.

"ఇది స్టీలు కాదండీ. సత్తు. మా అమ్మ వంటింట్లో సత్తు గిన్నెలు ఇలాగే మోగేవి," అంది.

సత్తు అంటే అల్యూమినియం. కట్టెల మంటకి కరిగిపోయే లోహం. జగన్మోహన్ గీత గీసి మరీ వద్దనుకున్నది.

నీరజ్ నిమ్మకు నీరెత్తినట్టు కాఫీ చప్పరించాడు. ఎప్పట్లాగే రెండో కథ తయారుగా పెట్టుకున్నాడు. అంకులే అతికి ఉంటాడని, మనవాళ్ళకి ప్రతిదీ సొంతంగా చేసుకోవడం పిచ్చి అని, రిపోర్టులో ఒక లైన్ మారుస్తానని, కూతురి తప్పుతో పాటు తండ్రి తప్పు కూడా కలుపుతానని అన్నాడు. చచ్చిపోయినవాడి భార్య పక్కనే నిలబడి వింటుండగా అన్నాడు ఆ మాట.

దేదీప్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ గొంతు పెంచలేదు.

"సొంతంగా అతుక్కునేవాడు ఎక్కడ అతుకుతాడు నీరజ్? చివర్న అతుకుతాడు. ఇరవై రెండడుగుల మంచి ముక్కని మళ్ళీ రెండుగా కోసి, చెత్త ముక్కని నడుమ పెట్టి, కనపడకుండా పరుపు చుట్టడు. ఇన్‌స్పెక్టర్లు పైన ఒకసారి, కింద ఒకసారి టార్చి వేసి వెళ్ళిపోతారని తెలిసినవాడు చేసే పని ఇది. వాళ్ళలో ఒకడు చేసే పని."

"ప్రూఫ్ లేదు కదా."

దేదీప్య స్క్రూడ్రైవర్ తీసింది. అల్యూమినియం ముక్కకి బిగించిన కింది పట్టీ స్క్రూలు విప్పింది. పట్టీ కింద, గొట్టానికి రివెట్ కొట్టిన చిన్న రేకు బిళ్ళ ఉంది. మంట దాని దాకా రాలేదు. బొటనవేలితో మసి తుడిచి, గట్టిగా చదివింది. గ్యాస్‌కి మాత్రమే. రెండువేల తొమ్మిదిలో బిగించారు. నలభై ఒకటి, హేజెల్ కోర్ట్.

ఆ ఇల్లు ఆమెకి తెలుసు, నీరజ్‌ది. నాలుగేళ్ళ కిందట ఆ ఇంటి గృహప్రవేశానికి పాలు పొంగించే వెండి గిన్నె తనే కొనిచ్చింది. హాల్లో అప్పుడు గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉండేది. ఆ మాటే అంది.

"నీ చిమ్నీ ఎంత పొడుగు నీరజ్? రోల్ వంద అడుగులు. ఎవరి కొలత వాళ్ళకి సరిపోయేలా లెక్క వేసుకుని తెప్పించుకున్నారు. నువ్వు నీ గరాజ్‌లో నీదే ముందు కోసుకున్నావు, మూడడుగులు ఎక్కువ పట్టింది. ఆ మూడూ ఈ ఇంట్లోంచి తీశావు. బదులు నీ పాత గ్యాస్ గొట్టం ముక్క పెట్టి, ఉన్ని చుట్టి, ఎక్స్‌పర్ట్‌గా తెచ్చిచ్చావు. ఆ మనిషి కొలుచుకున్నాడు, ఇరవై అయిదే వచ్చింది."

నీరజ్ మొహంలో నెత్తురు లేదు. ఈ చలికాలానికి మాత్రమేనని, మార్చిలో కొత్త ముక్క తెప్పించి మార్చేద్దామనుకున్నానని, అంత పెద్ద మంట వేస్తారని అనుకోలేదని గొణిగాడు. శశికళ వైపు తిరిగి "ఆంటీ" అన్నాడు. ఆవిడ గొట్టం కేసే చూస్తోంది.

కాసేపటికి తేరుకున్నాడు. తేరుకోగానే వాడిలోని ఇన్వెస్టిగేటర్ లేచాడు.

"ఓకే. లైనర్ నాది. కానీ అక్కా, నువ్వే నేర్పావ్ కదా, లాస్ట్ చాన్స్ ఎవరిది అని చూడాలని. లీక్ అయినా అలారం మోగితే అంకుల్ లేచేవాడు. కవర్ చేసింది ఎవరు? జ్యూరీ అదే అడుగుతుంది. తన్వి ఆల్రెడీ ఒప్పుకుంది. రైటింగ్‌లో."

అది అన్యాయమైన మాటే కానీ అబద్ధం కాదు. వాడు కారెక్కి వెళ్ళిపోయాడు. దేదీప్య పోలీసులకి ఫోన్ చేసి రేకు బిళ్ళ సంగతి చెప్పి, గొట్టం ముక్కలు తన వ్యాన్‌లో పెట్టి తాళం వేసింది. గెలిచినట్టు అనిపించలేదు. వెనక తలుపు దగ్గర తన్వి నిలబడి అంతా విన్నది.

"సో, లీవర్ కాదు. కానీ క్యాప్ నేనే," అంది ఆ పిల్ల. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

రెండింటికి దేదీప్య వంటింటి బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు రాయడం మొదలుపెట్టింది. క్యాప్ దగ్గరికొచ్చి కలం ఆగింది. నీరజ్ రిపోర్టు తొమ్మిదో పేజీలో ముసుగుతో సహా అలారం ఫోటో ఉంది. టాబ్లెట్‌లో దాన్ని పెద్దది చేసి చూసింది. ఒకసారి చూసి, తన్విని పిలిచింది.

"హోటల్ క్యాప్ ఎలా ఉంటుంది?"

"వైట్. హోటల్ నేమ్ ఉంటుంది. ఎందుకు?"

"హోమం తర్వాత ఇంట్లో తీసిన ఫోటోలేమైనా ఉన్నాయా?"

తన్వి ఫోన్లో వెతికింది. శనివారం సాయంత్రం ఆరూ పదికి తీసింది ఒకటి దొరికింది. తండ్రి హాల్లో నిలబడి దోసె ప్లేటు చూపిస్తూ నవ్వుతున్నాడు. ఆయన తల మీద, కప్పుకి, అలారం. ముసుగు లేదు. పచ్చ లైటు వెలుగుతోంది.

పిల్ల ఆ ఫోటోకేసి చాలాసేపు చూసింది. తండ్రినే చూస్తోందని, అలారాన్ని కాదని దేదీప్యకి తెలుసు. మెల్లగా అర్థమయ్యాక తన్వి ఆ పచ్చ లైటు మీద వేలు పెట్టింది.

"తీశాను. ఆంటీ, నేను తీసేశాను."

"తీశావు. శనివారం సాయంత్రానికే తీసేశావు, గుర్తులేదంతే."

ఇక మిగిలింది ఒకటే. దేదీప్య లేచి ఫ్రిజ్ తలుపు తీసింది. గిన్నెల మీద నీలం అంచుల ప్లాస్టిక్ టోపీలు వరసగా ఉన్నాయి. టాబ్లెట్‌లో ఫోటో పక్కన పెట్టి చూసింది. అలారానికి ఉన్నది అదే నీలం అంచు. అంచు మీద పసుపంటిన వేలి ముద్ర ఒకటి. ఆదివారం తొమ్మిదిన్నర. గోంగూర పచ్చడి. ఎండుమిరపకాయలు వేయిస్తే వచ్చే ఘాటు ఎలాంటిదో ఈ వంటింట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

స్టవ్ దగ్గర శశికళ నిలబడి ఉంది. వెనక్కి తిరగలేదు.

"మోగితే ఆయన నిద్ర చెడుతుందని," అంది గోడకేసి చూస్తూ. "వారమంతా ఆఫీసు, ఆదివారం ఒక్కరోజే పొద్దెక్కి లేచేది. రెండు నిమిషాలే కదా, వేయించగానే తీసేద్దామనుకున్నా. క్లాసుకి టైమైపోయింది. చెబుదామనే అనుకున్నానండీ. పోలీసులొచ్చి అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపే ఇది అనేసింది, నేనే పెట్టానని. ఆ తర్వాత..."

ఆ తర్వాత ఏమిటో చెప్పలేకపోయింది. పన్నెండు రోజులు కూతురి మొహం చూడలేకపోవడమే ఆ తర్వాత జరిగింది. కోపమని పిల్ల అనుకుంది. దేదీప్య కూడా అలాగే అనుకుంది.

గదిలో గడియారం మూడూ నలభై చూపిస్తోంది. అయిదింటికి కాగితం పంపాలి. దేదీప్య కలం తీసుకుంది. ఇలాంటి రోజున ఈ ఉద్యోగం మీద ఆమెకి రోత పుడుతుంది. నిజం రాస్తే నీరజ్ పక్కన ఈ తల్లి పేరు కూడా ప్రాసిక్యూటర్ ముందుకి పోతుంది. రాయకపోతే తనకీ నీరజ్‌కీ తేడా లేదు.

తన్వి వచ్చి బల్ల ఎదురుగా కూర్చుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఫోన్ తీసి, ఆ శనివారం ఫోటో తెరిచి, వేలు డిలీట్ గుర్తు మీద పెట్టి ఆగింది.

"ఆంటీ, నేను మర్చిపోయానని రాయండి. నేను ఆల్రెడీ చెప్పేశాను కదా. అమ్మకి ఇంకెవరున్నారు?"

దేదీప్య స్టవ్ వైపు చూసింది. ఒక్క మాట చాలు. వద్దమ్మా, అని ఒక్క మాట.

శశికళ పొంగుతున్న పాల కింద మంట తగ్గించింది. వద్దనలేదు.